ఒంటరిగానా, గుంపుతోనా: బండి మీద మొదటిసారి శ్రీశైలం బయలుదేరే వారికి నా సమాధానం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. రెండేళ్లుగా హైదరాబాదులో 350 సీసీ బండి మీద ఉద్యోగానికి వెళ్లి వస్తున్నారు గాని, ఊరు దాటి దూరప్రయాణం ఎన్నడూ చేయలేదు. ఇప్పుడు శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నారు. మీ ఆఫీసులో 12 బండ్ల బృందం ఒకటి వచ్చే నెలలో అదే దారిన బయలుదేరుతోంది, మిమ్మల్నీ రమ్మని పిలిచారు. నలుగురితో కలిసి వెళితేనే ఒప్పుకుంటానని మీ అమ్మగారు అంటున్నారు. మీకేమో ఒక్కరే వెళ్లాలని ఉంది. ఈ రెండింటిలో ఏది క్షేమమో చెప్పమని అడిగారు.

నేను 23 ఏళ్లుగా బండి మీద దూరాలు తిరుగుతున్నాను. శ్రీశైలం దారిలో ఒంటరిగానూ, ఇద్దరు ముగ్గురు మిత్రులతోనూ, ఒకప్పుడు పదిమందికి పైబడిన గుంపులతోనూ వెళ్లాను. మనాలి నుంచి లేహ్‌కు ఒకసారి ఒంటరిగా, మరోసారి ముగ్గురితో కలిసి వెళ్లాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ మొదటి దూరప్రయాణం 12 బండ్ల గుంపుతో వద్దు. అలాగని మొదటిసారే నల్లమల అడవిలోకి ఒంటరిగానూ వద్దు. ముందు జనసంచారం ఉన్న దారిలో ఒంటరిగా ఒక పగటి ప్రయాణం చేయండి. ఆ తరువాత దారి తెలిసిన ఒకరితో, మహా అయితే ఇద్దరితో, శ్రీశైలం వెళ్లండి. ఇలా ఎందుకు చెబుతున్నానో కాస్త విపులంగానే రాస్తాను. కారణాలు తెలిస్తేనే దారిలో మీ పరిస్థితిని బట్టి మీరే నిర్ణయం తీసుకోగలుగుతారు.

చాలామంది ఈ విషయాన్ని తోడుంటే క్షేమం, లేకుంటే ప్రమాదం అన్న లెక్కతో మొదలుపెడతారు. నేను మాత్రం ముందుగా అడిగేది ఒకటే: ఆ రోజంతా మీ బండి వేగాన్ని నిర్ణయించేది ఎవరు? ఒంటరిగా ఉన్నప్పుడు ఆ నిర్ణయం పూర్తిగా మీది. గుంపులో ఉన్నప్పుడు, ఎవరూ బలవంతం చేయకపోయినా, ముందు వెళ్లేవాడి చేతిలోని యాక్సిలరేటరే మీ వేగాన్ని నిర్ణయిస్తుంది. కింద పడిన తరువాత లేపే చేయి గుంపులో ఎక్కువగా దొరుకుతుందన్నది నిజమే. అయితే కింద పడే అవకాశం కూడా, ముఖ్యంగా కొత్తవారికి, గుంపులోనే ఎక్కువని నేను కళ్లారా చూశాను.

ఒంటరి ప్రయాణంలో మొదటి లాభం చూపుకు సంబంధించినది. ముందు మరో బండి లేనప్పుడు మీ కళ్లు సహజంగానే రోడ్డు చివరి దాకా వెళతాయి. ఆమనగల్లు, కల్వకుర్తి ప్రాంతాల్లో కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు, అవి చెదిరిపోకుండా చుట్టూ పేర్చిన రాళ్లు, ఊరి మొదట్లో రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకరు, పొలం బాట నుంచి ఒక్కసారిగా రోడ్డెక్కే ట్రాక్టరు, సాయంత్రం ఇంటిదారి పట్టిన గేదెల మంద, ఇవన్నీ దూరం నుంచే కనబడతాయి. ఆరబోసిన గింజల మీద టైరు గులకరాళ్ల మీద జారినట్టే జారుతుందని, అక్కడ బ్రేకు గట్టిగా పట్టకూడదని, బండిని వంచకూడదని అలా చూస్తూ వెళ్లినవారికే తెలిసివస్తుంది. గుంపులో ఇవేవీ కనబడవు, ఎందుకంటే కొత్తవారి చూపు ముందున్న బండి వెనుక లైటుకు అతుక్కుపోతుంది. బండి ఎప్పుడూ చూపు వెంటే వెళుతుంది. ముందువాడు మలుపులో కొంచెం వెడల్పుగా పోయి మట్టిలోకి దిగితే, అతని లైటునే చూస్తున్న మీరూ అదే మట్టిలోకి దిగుతారు.

రెండవ లాభం అలసటను గుర్తించడం. ఎండలో రెండు గంటలు నడిపిన తరువాత మెడ పట్టేస్తుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి, కళ్లు ఒకే చోట నిలిచిపోతాయి, గేరు మార్చడం ఒక క్షణం ఆలస్యమవుతుంది. ఒక్కరే ఉంటే ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. చింతచెట్టు నీడ కనబడితే ఆపి, హెల్మెట్ తీసి, నీళ్లు తాగి, పావుగంట కూర్చుంటారు. పదిమందిలో ఉన్నప్పుడు "ఇంకో ఇరవై కిలోమీటర్లే గదా" అని ఓర్చుకుంటారు. అలా ఓర్చుకున్న ఇరవై కిలోమీటర్లలో జరిగిన ప్రమాదాలు నాకు తెలిసిన వాటిలోనే మూడు ఉన్నాయి.

అందుకే ముందు ఒంటరిగా ఒక పగటి ప్రయాణం చేయమంటున్నాను. దానికి నాగార్జునసాగర్ దారి సరిపోతుంది. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. దారి పొడవునా ఊళ్లు, పెట్రోలు బంకులు, పంక్చరు షాపులు ఉంటాయి. ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఎన్ని కిలోమీటర్లకు మీ నడుము నొప్పి మొదలవుతుందో, మీ బండి ఏ వేగంలో ఇబ్బంది లేకుండా నడుస్తుందో, నిండు ట్యాంకుతో ఎంత దూరం వెళ్లగలరో ఆ ఒక్క రోజులో తెలిసిపోతుంది. ఇవి తెలియని వ్యక్తి గుంపులో చేరితే తన హద్దు ఎక్కడుందో తెలియకుండానే దాన్ని దాటేస్తాడు.

ఇక ఒంటరితనంలోని అసలు ప్రమాదానికి వస్తాను. దీన్ని తేలిక చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. పదమూడేళ్ల కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం, నేను ఒక్కడినే శ్రీశైలం వెళుతుండగా, వటవర్లపల్లి దాటి దోమలపెంట చేరకముందే క్లచ్ వైరు తెగిపోయింది. అంతకు వారం రోజుల ముందే లివరు బిగుసుకుపోతోందని నాకు తెలుసు. లివరు దగ్గర వైరు పోగులు రెండు మూడు లేచి ఉండడం కూడా చూశాను. తిరిగి వచ్చాక మార్పిద్దామనుకున్నాను. తప్పు పూర్తిగా నాదే. ఫోనులో సిగ్నల్ లేదు. క్లచ్ లేకుండా బండిని తోసి, కదలగానే గేరు వేసి నడపవచ్చని విన్నాను గాని, ఎక్కుడులో సామానుతో ఉన్న బండిని ఒక్కడినే తోయలేకపోయాను. రెండు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆగిన రెండు కార్ల వారు జాలిపడ్డారు గాని వారి దగ్గర పనిముట్లు లేవు. చివరికి ఒక లారీ ఆగింది. డ్రైవరు, క్లీనరు కలిసి బండిని తోసి కదిలించారు. రెండో గేరులో, ఎక్కడా ఆపకుండా, దోమలపెంట దాకా వెళ్లాను.

ఆ రోజు నాకు దెబ్బ తగల్లేదు. ఆ రెండు గంటలూ నన్ను వేధించిన ఆలోచన మాత్రం ఒకటుంది. వైరు తెగడానికి బదులు మలుపులో జారి కాలు విరిగి ఉంటే, రోడ్డు మీద నుంచి కనబడని లోతట్టులో పడి ఉంటే, ఏమయ్యేది? తీవ్ర గాయాల తరువాతి మొదటి గంట ఎంత విలువైనదో వైద్యులు చెబుతూనే ఉంటారు. 108కు గాని 112కు గాని ఫోన్ చేయాలంటే సిగ్నల్ ఉండాలి, ఫోన్ చేసే మనిషి స్పృహలో ఉండాలి. మన్ననూరు చెక్‌పోస్టు దాటిన తరువాత అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 50, 60 కిలోమీటర్ల మేర ఈ రెండూ ఉంటాయన్న హామీ లేదు. ఆ ఒక్క కారణం చేతనే శ్రీశైలం దారికి తోడు కావాలంటున్నాను. దొంగల భయమో, పులి భయమో కారణం కాదు. ఆ దారిలో బండివారికి ఎదురయ్యే జంతువులు ముఖ్యంగా కోతులు. కార్ల వాళ్లు పడేసే అరటిపండ్లకు అలవాటుపడి అవి రోడ్డు నడిమధ్యన కూర్చుంటాయి. ఒక్కోసారి జింకలు ఒక వైపు నుంచి మరో వైపుకు దూకుతాయి. ఒక జింక దాటిందంటే వెనుక ఇంకొకటి ఉందని అనుకొని బండిని నెమ్మది చేయాలి. దయచేసి మీరు కోతులకు తిండి వేయకండి.

ఇప్పుడు గుంపు సంగతి. మిమ్మల్ని పిలిచినవారు మంచివారు కారని నేను అనడం లేదు. 12 బండ్లు ఒక వరుసలో వెళితే ఏం జరుగుతుందో లెక్క వేసి చూపిస్తాను. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ముందువాడు బ్రేకు వేసిన సంగతి గ్రహించి మీ చేయి కదలడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ లోపే 22 మీటర్లు దాటిపోతారు. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, రెండు బ్రేకులూ సరిగ్గా వాడినా ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. అందుకే మీకు సరిగ్గా ముందున్న బండికి, మీకు మధ్య కనీసం రెండు సెకన్ల దూరం, అంటే 44 మీటర్లు ఉండాలంటారు. 12 బండ్లు ఒకదాని వెనుక ఒకటి ఇలా వెళితే వరుస పొడవు దాదాపు 480 మీటర్లవుతుంది. రోడ్డులో మన వైపు భాగంలో (లేన్‌లో) ఒకరు కుడి పక్కన, తరువాతివారు ఎడమ పక్కన వెళ్లే పద్ధతిలో పక్క వరుసలోని బండికి ఒక సెకను ఎడం చాలు గనుక, వరుస 240 మీటర్లకు తగ్గుతుంది.

ఇప్పుడు కల్వకుర్తి దాటాక డివైడరు లేని రోడ్డు మీద, వెనుక నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఒక కారు వచ్చిందనుకోండి. 240 మీటర్ల వరుసను దాటడానికి దానికి 43 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో అది ఎదుటి వాహనాలు వచ్చే వైపున 1,200 మీటర్లు వెళ్లాలి. అంత దూరం ఖాళీ రోడ్డు ఎక్కడ దొరుకుతుంది? దొరకదు గనుక ఎదురుగా బస్సు కనబడగానే ఆ కారు మీ వరుస మధ్యలోకి దూరుతుంది. దూరిన చోట ఎవరున్నారన్నది అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

వరుస సాగిపోవడం దీనికంటే పెద్ద సమస్య, పైకి కనబడదు గనుక. ఊరి దగ్గర స్పీడ్ బ్రేకరు వస్తుంది. మొదటివాడు నెమ్మదించి, దాటి, మళ్లీ 80 అందుకుంటాడు. వెనుకవాళ్లు ఒక్కొక్కరూ దగ్గర పడి, ఆగినంత పని చేసి, దాటడానికి మనిషికి నాలుగు సెకన్లు తీసుకుంటే, చివరివాడు దాటేసరికి 44 సెకన్లు గడిచిపోతాయి. అప్పటికి మొదటివాడు దాదాపు కిలోమీటరు దూరంలో ఉంటాడు. వరుస మళ్లీ అర కిలోమీటరుకు కుదించుకోవాలంటే చివరివాడు ఒకటిన్నర నిమిషం పాటు 100 కిలోమీటర్ల వేగంతో పోవాలి. ఈలోగా ఇంకో ఊరు, ఇంకో స్పీడ్ బ్రేకరు వస్తాయి. ఆ రోజంతా ముందువాడు తాను 80 దాటలేదనే అనుకుంటాడు, నిజమే చెబుతాడు కూడా. చివరివాడు మాత్రం రోజంతా 100 మీదే ఉంటాడు. సాధారణంగా గుంపుల్లో చివర ఉండేది ఎవరు? మీలాంటి కొత్తవారే. అనుభవం తక్కువ ఉన్నవాడు అందరికంటే వేగంగా నడపవలసి రావడం పెద్ద గుంపుల్లోని మొదటి లోపమని నా అభిప్రాయం.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట 11 బండ్ల బృందంలో నేను ముందు నడిపాను. అనంతగిరి ఘాట్ రోడ్డులో, శృంగవరపుకోట నుంచి అరకు వైపు ఎక్కుతుండగా, చివరి నుంచి రెండవవాడైన ఒక కుర్రవాడు మలుపులో తడి ఆకుల మీద జారి పడ్డాడు. అతని వెనుక ఉన్న వ్యక్తి అంతకుముందే టీ తాగడానికి ఆగి వెనుకబడ్డాడు. ముందున్నవాళ్లు అద్దంలో చూసి, కనబడకపోతే వస్తున్నాడులే అనుకున్నారు. గాలికొండ దగ్గర ఆగి లెక్కపెట్టినప్పుడు గాని ఇద్దరు తక్కువయ్యారని మాకు తెలియలేదు. అప్పటికి అతను పడి పన్నెండు నిమిషాలైంది. మణికట్టు ఎముక విరిగింది. మేము వెనక్కి వెళ్లేసరికి అరకు నుంచి వస్తున్న ఒక జీపు వారు అతన్ని పక్కకు కూర్చోబెట్టి నీళ్లు ఇస్తున్నారు. పదిమంది తోడుండగా అతను పన్నెండు నిమిషాలు ఒంటరివాడే. ముందు నడిపినవాడిగా ఆ బాధ్యత నాది. వరుస చివర నమ్మకమైన మనిషిని పెట్టకపోవడం, ఆ మనిషి ఏ కారణం చేతనైనా వరుసను వదలకూడదని ముందే చెప్పకపోవడం నా తప్పులు. తరువాత అతను మా ఇంటికి వచ్చినప్పుడు, ఆ మలుపులో తాను అంత వేగంతో వెళ్లాలనుకోలేదని, మేము కనబడకుండా పోతున్నామనే తొందరపడ్డానని చెప్పాడు. ఆ మాట విన్న తరువాత అయిదుగురికి మించిన బృందాన్ని నేను ఇంతవరకు నడపలేదు.

కాబట్టి గుంపులో వెళ్లక తప్పని రోజు వస్తే కొన్ని విషయాలు బయలుదేరకముందే, ఇంజన్లు ఆపి, నిలబడి మాట్లాడుకోండి. 12 బండ్లుంటే వాటిని మూడుగా విడగొట్టి, పది పదిహేను నిమిషాల ఎడంతో బయలుదేరమని అడగండి. ప్రతి చిన్న బృందానికి ముందొకరు, చివర ఒకరు అనుభవం ఉన్నవారు ఉండాలి. అందరికంటే కొత్తవారు ముందువాడి వెనుకనే రెండవ స్థానంలో ఉండాలి. వారి వేగమే బృందం వేగం కావాలి. ఒకరినొకరు చూపులో ఉంచుకోవాలనే నియమం పెట్టుకోకండి, తొందరపాటుకు మూలం అదే. దానికి బదులు కలుసుకునే చోట్లు నిర్ణయించుకోండి: ఆమనగల్లు, కల్వకుర్తి, హాజీపూర్ చౌరస్తా, మన్ననూరు చెక్‌పోస్టు. దారి మారే ప్రతి చౌరస్తాలోనూ ఆ కొత్తవారి వెనుకనున్న మనిషి ఆగి, చివరివాడు కనబడే దాకా అక్కడే నిలబడాలి. ఇలా చేస్తే ఎవరూ దారి తప్పరు, ఎవరూ ఎవరినీ వెంబడించనక్కరలేదు, చివరి మనిషి రాలేదంటే ఏదో జరిగిందని వెంటనే తెలుస్తుంది.

ఓవర్‌టేకు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముందువాడు లారీని దాటాడంటే అది అతని కంటికి కనబడిన రోడ్డు. మీరు దాటే సమయానికి ఆ రోడ్డు మారిపోయి ఉంటుంది. రమ్మని అతను చేయి ఊపినా నమ్మకండి. ఎవరికి వారు చూసుకొని, ఒక్కొక్కరుగా దాటాలి. దాటినవాడు వెనుకవారికి చోటు ఉండేలా కొంచెం ముందుకు జరగాలి. ఘాట్ రోడ్డులో ఎడమ కుడి వరుసలు వదిలేసి ఒకరి వెనుక ఒకరు, ఇంకా ఎక్కువ ఎడంతో వెళ్లాలి, ఎందుకంటే మలుపులో ఒక్కొక్కరికీ లేన్ మొత్తం కావాలి. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ నడపడం, దారి మధ్యలో ఒకరి బండి మరొకరు మార్చుకోవడం, నడుస్తున్న బండి మీద నుంచి వీడియో తీయడం ఉన్న గుంపైతే మొదటి టీకొట్టు దగ్గరే మర్యాదగా సెలవు తీసుకోండి. బండ్లు మార్చుకోవడం సరదాగా కనబడుతుంది గాని, ప్రతి బండి బ్రేకు పట్టు వేరు, వంగే తీరు వేరు. పైగా యజమాని తన బండి తాను నడుపుతున్నప్పుడు వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, మీరు వేరొకరి బండి నడుపుతుండగా మీకు అదే విధంగా వర్తిస్తుందని అనుకోకూడదు. మద్యం తాగే గుంపు గురించి వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఇద్దరు ముగ్గురు ఎందుకు మేలంటున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఇద్దరున్నప్పుడు వెనుకవాడు ఎప్పుడూ అద్దంలో ఒకే ఒక లైటు, దాన్ని గమనించడం సులువు. ముగ్గురుంటే ఇంకా మంచిది: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన కూర్చోవచ్చు, మరొకరు సిగ్నల్ దొరికే చోటికి గాని చెక్‌పోస్టుకు గాని వెళ్లవచ్చు. అలాంటప్పుడు చేయవలసినవి కూడా తెలుసుకోండి. పడిన మనిషిని వెంటనే లేపి నిలబెట్టవద్దు. ఊపిరి ఆడుతున్నంత వరకు హెల్మెట్‌ను బలవంతంగా లాగవద్దు, మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చు. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మలుపుకు రెండు వైపులా వచ్చే వాహనాలను హెచ్చరించడానికి ఒకరు నిలబడాలి. దారిలో మీరు ముక్కూమొహం తెలియనివారికి సాయం చేయవలసి వచ్చినా సందేహించకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పించింది. పేరు, చిరునామా చెప్పి తీరాలని వారిని బలవంతపెట్టకూడదు.

ఒంటరిగా వెళ్లడం అసలే వద్దని నేను చెప్పే దారులు కొన్ని ఉన్నాయి. మనాలి, లేహ్ దారి వాటిలో ఒకటి. మీరు అడిగింది శ్రీశైలమే అయినా, ఒక దారి అయ్యాక అందరి మనసూ అటే పోతుంది గనుక చెబుతున్నాను. తాండిలో పెట్రోలు బంకు దగ్గర తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని రాసిన బోర్డు ఉంటుంది. అది చూసి అందరూ పెట్రోలు గురించే భయపడతారు, డబ్బాల్లో నింపుకుంటారు. నేను భయపడేది ఎత్తు గురించి. బారాలాచా లా 4,800 మీటర్లు దాటిన కనుమ. ఆ ఎత్తులో ఆక్సిజన్ తగ్గినప్పుడు తలనొప్పి, వాంతులు మొదలై, ముదిరితే మనిషికి తెలివి మందగిస్తుంది, నడక తడబడుతుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి తాను బాగానే ఉన్నానని చెబుతాడు, నిజంగానే అలా నమ్ముతాడు. ఒంటరిగా వెళ్లినప్పుడు సర్చూలో ఒక రాత్రి నేను ఎంత ప్రమాదపుటంచున ఉన్నానో నాకు తెలియనే తెలియలేదు. పొద్దున డేరా యజమాని నా మాట తడబడుతోందని, ఇంకా పైకి వెళ్లవద్దని, కిందికి దిగిపొమ్మని పట్టుబట్టాడు. కేలాంగ్‌కు దిగివచ్చి రెండు రోజులు ఉండి మళ్లీ బయలుదేరాను. రెండవసారి ముగ్గురితో వెళ్లినప్పుడు ప్రతి సాయంత్రం ఒకరినొకరం నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమనేవాళ్లం. ఆ పరీక్ష ఎవరికి వారు చేసుకుంటే సరిపోదు, చూసే కళ్లు వేరేవి కావాలి. తోడు వల్ల కలిగే లాభాల్లో ఇది నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. మన మెకానిక్కులు, పనిముట్లు, కబుర్లు అన్నీ దాని తరువాతే.

ఈ మాట నల్లమలకూ కొంతవరకు వర్తిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ తగిలే మనిషి కూడా తనకేమీ కాలేదనే అంటాడు. చెమట ఆగిపోయిందా, సమాధానాలు పొంతన లేకుండా వస్తున్నాయా అని గమనించేది పక్కవాడే. అలాంటి తోడును ఎంచుకునేటప్పుడు బండి ఖరీదు చూడకండి, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగాడన్నది కూడా చూడకండి. "ఇక్కడ ఆగుదాం" అని మీరు అన్నప్పుడు మొహం చిట్లించకుండా ఆగుతాడా లేదా అన్నది చూడండి. నాగార్జునసాగర్‌కు ఒంటరిగా వెళ్లి వచ్చిన తరువాత అదే మనిషితో అరపూట ప్రయాణం ఒకటి చేస్తే ఆ సంగతి తేలిపోతుంది.

మీ అమ్మగారి మాటకు వస్తే, ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి. కొడుకు పడిపోతే పక్కన మనిషి ఉండాలన్నది ఆవిడ కోరిక, అది సరైనదే. నలుగురు అన్న లెక్కే కొంచెం మార్చాలి. వెంట వచ్చే మిత్రుణ్ని ఒకసారి ఇంటికి తీసుకువెళ్లి పరిచయం చేయండి, అతని ఇంటివారి ఫోన్ నంబరు ఆవిడకు ఇవ్వండి. ఎక్కడెక్కడి నుంచి ఫోన్ చేస్తారో, ఎక్కడ సిగ్నల్ ఉండదో ముందే చెప్పండి. ఉదయం 9 గంటలకు మన్ననూరు నుంచి ఫోన్ చేస్తానని, తరువాత మధ్యాహ్నం దాకా ఫోన్ కలవకపోవచ్చని ముందే చెబితే ఆ మధ్యలోని గంటలు ఆవిడకు నరకం కావు. చెప్పిన సమయానికి రెండు గంటలు దాటినా ఫోన్ రాకపోతే ఎవరిని సంప్రదించాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నేను ఈ పని పదమూడేళ్ల కిందట ఆ క్లచ్ వైరు తెగిన తరువాత మొదలుపెట్టాను, ఇప్పటికీ మానలేదు.

మీ శ్రీశైలం ప్రయాణానికి వారం ముందు బండిని మెకానిక్కుకు చూపించి క్లచ్ వైరు, యాక్సిలరేటరు వైరు, బ్రేకు ప్యాడ్లు, చైను బిగువు, టైర్ల అరుగుదల చూడమనండి. అదనంగా ఒక క్లచ్ వైరు కొని, పాత వైరు పక్కనే టేపుతో చుట్టించి పెట్టుకోండి, తెగినప్పుడు అక్కడికక్కడే మార్చుకోవచ్చు. స్పానర్లు, ట్యూబు లేని టైరైతే పంక్చరు కిట్టు, చిన్న గాలి పంపు, టార్చి, మూడు లీటర్ల నీళ్లు చాలు. రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి జేబులో, ఒకటి హెల్మెట్ లోపల పెట్టండి. ఫోన్ లాక్ అయి ఉంటే దానిలోని నంబర్లు ఎవరికీ ఉపయోగపడవు.

శని, ఆదివారాలు, కార్తీక మాసం, శివరాత్రి రోజులు, డ్యామ్ గేట్లు ఎత్తిన వార్త వచ్చిన వారం మానుకోండి. అప్పుడు ఆ ఘాట్‌లో కార్ల వరుస కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది. పనిరోజుల్లో ఉదయం 5:30కి బయలుదేరితే ఎండ ముదరకముందే అడవి చేరుతారు. కల్వకుర్తిలో ట్యాంకు నింపుకోండి. ముందు మీరు, వెనుక మీ మిత్రుడు నడపండి, అప్పుడు వేగం మీదిగా ఉంటుంది, గమనించే కళ్లు అతనివిగా ఉంటాయి. మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. లోపల గంటకు 30 కిలోమీటర్లు మించవద్దని బోర్డులున్నాయి, వాటిని పాటించండి. ఈగలపెంట దగ్గర డ్యామ్ వైపు దిగే మలుపుల్లో గేరు తగ్గించి ఇంజను బిగువుతోనే దిగాలి, దారంతా బ్రేకు నొక్కి పట్టుకుంటే అది వేడెక్కి పట్టు తప్పుతుంది.

ఆ రాత్రి శ్రీశైలంలోనే ఉండండి. ఒకే రోజులో వెళ్లి వద్దామనుకుంటే 430 కిలోమీటర్లు దాటుతుంది, మొదటిసారికి అది ఎక్కువ. మరునాడు ఉదయమే తిరిగి బయలుదేరి, మన్ననూరు చేరగానే బండి పక్కన ఆపి, హెల్మెట్ తీసి, ముందు అమ్మగారికి ఫోన్ చేయండి. టీ ఆ తరువాత తాగవచ్చు.